రాచగుట్ట నుంచి దిర్మేకి పన్నెండు నిమిషాలు

రాచగుట్ట నుంచి దిర్మేకి ఎంత దూరం అని ఎవరైనా అడిగితే సువర్చలకు ఒళ్లు మండేది. అడిగినవాళ్ల తప్పేమీ లేదు. అనంతపురం మెట్టభూముల్లో, గొర్రెలు మేసే బయలులో కట్టిన చిన్న విమానాశ్రయం రాచగుట్ట. దేశానికి ఆ కొసన, అరుణాచల్ కొండల్లో, సగం ఏడాది మబ్బులోనే ఉండే ఇంకో చిన్న విమానాశ్రయం దిర్మే. పటం మీద కొలిస్తే రెండింటి మధ్య రెండువేల నాలుగువందల కిలోమీటర్లు. పందొమ్మిది సీట్ల బుల్లి విమానం మధ్యలో దిగి, ఇంధనం పోసుకుని, మళ్లీ ఎగిరి చేరాలంటే పగలంతా పట్టాలి. చేరువ పథకం వచ్చాక అదే విమానం పన్నెండు నిమిషాల్లో దిగుతోంది.

"అంటే విమానం వేగం పెంచారన్నమాట" అనేవారు విలేకరులు.

"లేదండీ. వేగం అంతే ఉంది. దూరమే తగ్గింది."

"ఓహో, దగ్గరి దారి కనిపెట్టారు."

"దారి కాదండీ. దూరం!"

మర్నాడు పేపర్లో 'విమానాలకు కొత్త దగ్గరి దారి' అని పడేది. సువర్చల పేపరు మడిచి అవతల పడేసేది.

నిజానికి ఆవిడ చేసిన పని చెప్పడం కష్టమేమీ కాదు. రాచగుట్ట రన్‌వే చుట్టూ గుండ్రంగా ఎత్తయిన స్తంభాలు నిలబెట్టారు. దిర్మేలోనూ అలాంటివే. రెండు చోట్లా అవి ఒకే లయలో పని చేయడం మొదలుపెడితే, పరిచిన చీరను రెండు చెంగులూ పట్టుకుని దగ్గరికి తెచ్చినట్టు, మధ్యనున్న దూరం మడత పడేది. విమానం ఆ మడత మీదుగా ఈ చెంగు నుంచి ఆ చెంగుకు దాటేది. అంతే. ఆ మడత సరిగ్గా పడడానికి సువర్చల వయసులో పన్నెండేళ్లు ఖర్చయ్యాయి. బెంగళూరులో పెద్ద ఉద్యోగం వదిలి, భర్త చెన్నకేశవులు లెక్కల మాస్టరుగా పనిచేసే, రాచగుట్ట దగ్గరి పాలమడుగుకే వచ్చి, ప్రాజెక్టు క్వార్టర్లలో కాపురం పెట్టింది.

మొదట్లో ప్రయాణానికి నలభై నిమిషాలు పట్టేది. మడత బిగించిన కొద్దీ ముప్పై అయింది, ఇరవై అయింది, పన్నెండుకు వచ్చింది. ప్రారంభోత్సవం నాటికి ఎనిమిది చేయాలని డైరెక్టరు వల్లభరావు పట్టుదల. ఎనిమిది అంకె పోస్టరు మీద బాగుంటుందట.

దిర్మే వాళ్లకు మాత్రం పోస్టరుతో పని లేదు. కొండచరియ విరిగిపడితే నెలల తరబడి బయటికి దారి లేని ఊళ్లవి. అక్కడ పుట్టుకతో గుండెజబ్బున్న పిల్లలను వారానికి రెండుసార్లు విమానం తెచ్చి దింపేది. పాలమడుగులోని ధర్మాసుపత్రిలో ఆపరేషన్లు జరిగేవి. ఆ పిల్లలు టోపీలు తీసి, రాచగుట్ట ఎండకు కళ్లు చికిలించి నిలబడడం చూసినప్పుడు సువర్చలకు పన్నెండేళ్లూ గిట్టుబాటయినట్టే ఉండేది.

*

ఒక ఆదివారం పొద్దున చెన్నకేశవులు అక్క ఓబుళమ్మ పాలక్యానుతో వచ్చి, దాన్ని వంటింటి గడప మీద ఠపీమని దింపింది. రాచగుట్టకు అవతలి పక్కనున్న నల్లగుట్లపల్లి ఆవిడది. రెండు బర్రెలు, నాలుగెకరాల శెనక్కాయ చేను.

"ఏమ్మా సువర్చలా, మీ ఇమానాలు మా దారిని యాడికి ఈడ్సకపోయినాయి?"

సువర్చల క్యాను మూత తీసింది. పాలు విరిగి, పైన పసుపు నీళ్లు తేలుతున్నాయి.

"నేను పొద్దు పొడవకముందే బయలెల్లినా. ఎప్పుడూ కాఫీ యాళకు మీ ఇంటికాడ ఉంటానా లేదా? ఇప్పుడు సూడు, సద్ది యాళయింది. ఆటో ఆయప్ప తిట్టుకుంటా తోలినాడు. డీజిలు ఐపోతాంది, ఊరు దాటడంలే అని."

"ఎండలకు అట్ల అనిపించింటాది లేక్కా" అన్నాడు చెన్నకేశవులు పేపరులోంచి తల ఎత్తకుండానే.

"నీ లెక్కలు బళ్లో పిల్లోళ్లకు చెప్పుకోపోరా. పాలకు అనిపిస్తాదేందిరా ఎండలని? యిరిగినాయి కదా!"

చెన్నకేశవులు పేపరు పక్కన పెట్టాడు. అలాంటి మాట వినడం ఆ నెలలో సువర్చలకు మొదటిసారి కాదు. నల్లగుట్లపల్లి నుంచి వచ్చే స్వీపరు కాంతమ్మ రోజూ ఆలస్యంగా వస్తోందని మేనేజరు విసుక్కుంటుంటే, "దారి సాగిందయ్యా" అని ఆమె మొత్తుకోవడం సువర్చల చెవిన పడింది. అప్పుడు నవ్వుకుంది. ఇప్పుడు క్యానులోకి చూస్తూ నిలబడింది.

"పద వదినా, నిన్ను నేను దిగబెడతా" అని స్కూటరు తాళం తీసుకుంది.

పాలమడుగు నుంచి రాచగుట్ట దాకా హైవే. స్కూటరు హాయిగా పోయింది. విమానాశ్రయం గోడ దాటి, నల్లగుట్లపల్లి మట్టిరోడ్డు ఎక్కాక కల్వర్టు వచ్చింది. కల్వర్టు దగ్గర నిలబడితే ఊరు కనిపిస్తుంది. నీళ్ల ట్యాంకు, దాని పక్కన బడి, బడి మీద జెండా కర్ర. సువర్చల ఎన్నోసార్లు పోయిన దారే. కల్వర్టు దాటితే ఊరు వచ్చినట్టే లెక్క.

రాలేదు.

స్కూటరు పోతూనే ఉంది. చక్రం కింద కంకర కదులుతోంది, గాలి మొహానికి తగులుతోంది, పక్కనున్న తుమ్మచెట్టు వెనక్కి జరుగుతోంది. అంత నింపాదిగా జరిగే తుమ్మచెట్టును ఆవిడ జన్మలో చూడలేదు. ఎదురుగా ట్యాంకు ఎంత ఉండాలో అంతే ఉంది. దాని మీద రాసిన అక్షరాలు చదవగలుగుతోంది. చూపుకు అందే ఊరు చక్రానికి అందడం లేదు.

"సూసినావా?" అంది వెనక కూర్చున్న ఓబుళమ్మ. ఆ గొంతులో కోపం కన్నా, చివరికి ఒకరు నమ్మారన్న నిమ్మళం ఎక్కువగా ఉంది.

ఇల్లు చేరేసరికి స్కూటరు రిజర్వులో పడింది. ఓబుళమ్మ మొగుడు ఎర్రిస్వామి అరుగు మీద కూర్చుని గొర్రు పలుగు నూరుకుంటున్నాడు. "ఏమ్మా చెల్లెలా, దిర్మే నుంచి వస్తాండావా, ఇంత సేపయింది?" అని ఎగతాళి చేశాడు. "ఆ కొండలోళ్లు మాకన్నా దగ్గిర ఐపోయినారు మీకు."



*

"చూడండి సువర్చల గారూ" అన్నాడు వల్లభరావు, మర్నాడు తన గదిలో. ఆయన మంచి శాస్త్రవేత్తే. కాకపోతే ప్రారంభోత్సవం తేదీ ఖరారయ్యాక మనిషి మారిపోయాడు. "సర్వే వాళ్లను పంపాం. ఉపగ్రహం ఫొటోల్లో ఆ రోడ్డు ఎంతుండాలో అంతే ఉంది."

"ఉపగ్రహం నడవదు కదండీ. పై నుంచి చూస్తుంది. వెలుతురుకు తేడా తెలియదు, కాళ్లకు తెలుస్తుంది."

"ఆటోవాళ్లు మీటర్లు తిప్పుతున్నారని రవాణా శాఖ వాళ్లు అంటున్నారు."

"నా స్కూటరు మీటరు కూడా ఆటోవాళ్లే తిప్పారా?"

"పాత బండేమో."

సువర్చలకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆయన తలో తన తలో తేల్చుకోలేక ఊరుకుంది.

"బావి తవ్వితే తీసిన మట్టి ఎక్కడ పడుతుందండీ?" అంది, గొంతు తగ్గించి. "ఒడ్డునే పడుతుంది. మనం రెండువేల నాలుగువందల కిలోమీటర్లు తవ్వి తీశాం. ఆ దూరం భూమండలమంతా వెంట్రుకవాసి చొప్పున సర్దుకుంటుందనుకున్నాం. చాలా మటుకు సర్దుకుంది కూడా. కానీ కొంత స్తంభాల అంచునే గుట్ట పడుతోంది. అంత దూరంలో పిసరు మిగిలినా చాలు, ఒక పల్లెను ముంచుతుంది. హైవే వైపు అంచు బిగించాం, ఇంధనం ట్యాంకర్లకు ఇబ్బంది కాకూడదని. ఆ వైపు పోలేక మొత్తం ఇటు పడింది, నల్లగుట్లపల్లి మీద."

"సరే, అలాగే అనుకుందాం. ఏం చేయమంటారు?"

"మడత సడలించండి. పన్నెండు నిమిషాలను మళ్లీ నలభై చేద్దాం. ఈలోగా అంచు సంగతి చూస్తాను."

వల్లభరావు ఆమె వంక జాలిగా చూశాడు. "ఎనిమిది చేయమని పైనుంచి ఒత్తిడి వస్తుంటే మీరు నలభై అంటున్నారు. ఒక పల్లెటూరి రోడ్డు కోసం."

"రోడ్డు కోసం కాదండీ, దాని మీద నడిచేవాళ్ల కోసం."

"ప్రారంభోత్సవం కానివ్వండి. తర్వాత కమిటీ వేద్దాం."

కమిటీ అనే మాట వినగానే సువర్చల లేచి వచ్చేసింది. ఆ మాట తర్వాత వినాల్సిందేమీ ఉండదని ఆమెకు అనుభవం.

ఆ వారమంతా ఆమె స్తంభాల లెక్కలతో కుస్తీ పట్టింది. అంచును ఎటు బిగించినా, ఆ దూరం ఇంకో వైపు పొర్లుతోంది. తూర్పుకు తోస్తే గొర్రెల బీడు మీద, ఉత్తరానికి తోస్తే చెరువు దారి మీద. పటంలో ఖాళీగా కనిపించే ప్రతి చోటా ఎవరో ఒకరు నడుస్తూనే ఉన్నారు. ఇంట్లో అన్నం మాడింది. చెన్నకేశవులు మాడిన అన్నమే మజ్జిగ పోసుకుని తిని, "అక్క మళ్లీ ఫోను చేసింది. గ్యాసు బండి రావడం మానేసిందంట" అన్నాడు.

"నాకు చెప్తావెందుకు? నేనేమన్నా దాచిపెట్టుకున్నానా ఆ దారిని?" అని విరుచుకుపడింది సువర్చల. చెన్నకేశవులు కంచం కడిగి బోర్లించాడు.

*

అది జరిగిన రోజు మిట్టమధ్యాహ్నం. సువర్చల కంట్రోలు గదిలో ఉంది. దిర్మే నుంచి విమానం అప్పుడే ఎగిరింది. అందులో ఏడుగురు పిల్లలు, వాళ్ల తల్లులు. ఫోను మోగింది.

"సువర్చలా, మీ అన్నను పాము కరిసింది" అంది ఓబుళమ్మ. "రక్తపింజరి. చేన్లో. కాలు పొంగిపోతాంది."

"అంబులెన్సు?"

"పిలిసినాం. వస్తాండాది. నేను మిద్దె మీద ఉండా. బండి కనపడ్తాండాది సువర్చలా. కల్వర్టు దాటింది. నీలం లైటు తిరగతాంది. కనపడ్తాండాది, రావడంలే. వస్తానే ఉండాది గానీ రావడంలే!"

సువర్చల చెయ్యి స్తంభాల మీట మీదికి పోయింది. అది దించితే మడత విడిపోతుంది. మడత విడిపోతే దారి మళ్లీ దారి అవుతుంది. పక్కనున్న ఆపరేటరు గబుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"మేడమ్, విమానం గాల్లో ఉంది."

ఆమెకు తెలుసు. ఆమెకన్నా బాగా తెలిసినవాళ్లు లేరు. పన్నెండు నిమిషాల ప్రయాణం కాబట్టి అందులో ఇంధనం కొద్దిగానే పోస్తారు. ఇప్పుడు మడత విప్పితే ఏ అడవి మీదో, ఏ నది మీదో తేలుతుంది ఆ విమానం. దిగడానికి చోటు దొరకదు.

చేతిలో ఫోను, కళ్ల ముందు మీట, గోడ మీద విమానం చుక్క. ఎవరి కోసం దేవుణ్ణి అడగాలో కూడా ఆమెకు తెలియలేదు. ఫోనులో ఓబుళమ్మ చెబుతూనే ఉంది. "డ్రైవరు కనపడ్తాండాడు. ఆయప్ప మొగం కనపడ్తాండాది. ఓ నాయనా, బిన్నా తోలు నాయనా." పల్లెలోని మగవాళ్లు ఎర్రిస్వామిని మంచం మీద వేసుకుని ఎదురు పరుగెత్తారు. వాళ్లూ పరుగెత్తుతూనే ఉన్నారు. మంచం ఇటు నుంచి, బండి అటు నుంచి. మధ్యలో పిలిస్తే పలికేంత ఎడం. కలవడం లేదు.

విమానం చక్రాలు రన్‌వేను తాకాయి. సువర్చల లేచింది. అప్పటికే వల్లభరావు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఆగండి! ఇప్పుడు విప్పితే మళ్లీ మడత పడడానికి నెల పడుతుంది. వచ్చేవారం ప్రారంభోత్సవం. అవతల దిర్మేలో ఇంకా పేషెంట్లున్నారు. కాస్త ఆలోచించండి."

"ఆలోచించానండీ" అంది సువర్చల. "మీరు కమిటీ వేసుకోండి."

మీట దించేసింది.

స్తంభాల రొద తగ్గి ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే బయట ఏమీ మారలేదు. ఫోనులో మాత్రం కెవ్వుమని ఓబుళమ్మ అరుపు. ఊరు ఎదురు పరుగెత్తుకొచ్చినట్టు, అంబులెన్సు ఒక్క ఊపున మంచం పక్కకు వచ్చి పడిందట. డ్రైవరు బ్రేకు తొక్కకపోయి ఉంటే మంచాన్నే గుద్దేవాడట.

*

ఎర్రిస్వామి బతికాడు. మోకాలి కింద కాలు పోయింది. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే కాలు దక్కేదని డాక్టరు మామూలుగా అనేసి, ఇంకో మంచం దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ మాట విన్న ఓబుళమ్మ సువర్చల వైపు చూడలేదు. చూడకపోవడమే సువర్చలను ఎక్కువ బాధ పెట్టింది.

అదే వార్డులో, రెండు మంచాల అవతల, ఆ విమానంలో దిగిన పిల్లల్లో ఒకడు ఆపరేషను చేయించుకుని పడుకున్నాడు. వాడి తల్లి ఓబుళమ్మకు ఆపిల్ ముక్క ఇవ్వబోయింది. ఓబుళమ్మ ఒక క్షణం ఆగి, తీసుకుంది. భాష రాని ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తిన్నారు.

సువర్చల మీద విచారణ మొదలైంది. పని నుంచి తీయలేదు. తీస్తే మళ్లీ మడత వేయడం ఎవరికీ రాదు. అనుమతి లేకుండా మీట దించారా అని అడిగారు. దించానంది. ఎందుకు అని అడిగారు. మూడుసార్లు చెప్పింది. మూడోసారి చెబుతుండగా ఒకాయన కాఫీలో చక్కెర ఎక్కువైందని బంట్రోతును పిలిచాడు.

దిర్మే విమానాశ్రయం నడిపేది యాంగ్‌చెన్ అనే ఆవిడ. హిందీలో గలగలా మాట్లాడే మనిషి. విచారణ రోజు సాయంత్రం ఫోను చేసి తిట్టడం మొదలుపెట్టింది.

"ఇక్కడ పదకొండు మంది పిల్లలు సామాన్లు కట్టుకుని కూర్చున్నారక్కా. నిన్న మళ్లీ కొండ విరిగింది. కింద రోడ్డు లేదు. మీరేమో మీట దించి కూర్చున్నారు."

సువర్చల జరిగింది చెప్పింది.

"మాకూ అంతే" అంది యాంగ్‌చెన్. "ఊరికి మంచినీళ్లొచ్చే ఊట ఉంది. ఆడవాళ్లు పొద్దున పోతే మధ్యాహ్నానికి వస్తున్నారు. దయ్యం పట్టిందని పూజలు చేశారు. నాకు అనుమానం వచ్చింది కానీ నోరు విప్పలేదు. చెబితే విమానం ఆపేస్తారని. మా అమ్మ కూడా ఆ నీళ్లే మోస్తుందక్కా. అయినా చెప్పలేదు. ఆపమనీ అనలేను, నడపమనీ అనలేను. మీరు చదువుకున్నారు కదా, ఏదో ఒకటి చేయండి."

"ఏం చేయాలి? ఎటు తోసినా ఎవరో ఒకరి మీద పడుతోంది. ఎవరూ నడవని చోటు ఈ భూమ్మీద లేదు."

"ఎవరూ నడవని చోటు ఎందుకు? విమానం ఎక్కేవాళ్లే నడుస్తారు" అంది యాంగ్‌చెన్ చిరాగ్గా. "ప్రయాణం తగ్గింది వాళ్లకే కదా!"

ఆవిడ కోపంలో అన్న మాట. సువర్చల మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఇన్నాళ్లూ ఆమె అంచును బయటికే తోస్తూ వచ్చింది. స్తంభాల లోపలికి తోయవచ్చన్న ఆలోచనే రాలేదు. లోపల ఉన్నది ఏమిటి? టెర్మినలు భవనం, రన్‌వే, రెండింటి మధ్య సిమెంటు గచ్చు. గచ్చు మీద పనివాళ్లూ ప్రయాణికులూ తప్ప ఇంకెవరూ అడుగు పెట్టరు. ఆ దూరమంతా ఆ గచ్చు మీద పోస్తే?

పోస్తే, గేటు నుంచి విమానం దాకా బస్సులో మూడు గంటలు పడుతుంది. లెక్క వేసి చూసుకుని, ఆమె చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది. చెన్నకేశవులు లోపలి నుంచి వచ్చి, "ఏమైంది?" అన్నాడు భయంగా.

వల్లభరావు భయపడలేదు, మండిపడ్డాడు. "పన్నెండు నిమిషాల ప్రయాణానికి మూడు గంటలు గచ్చు మీద బస్సులోనా? జనం నవ్విపోరూ?"

"రెండువేల నాలుగువందల కిలోమీటర్లు మూడు గంటల పన్నెండు నిమిషాల్లో పోతారండీ. అవతలి గచ్చు కలుపుకుంటే ఆరు. ఇదివరకు దిర్మే నుంచి రావాలంటే కొండ దిగి, రైలెక్కి, వారం పట్టేది. నవ్వేవాళ్లను ఆ రైలెక్కమనండి."

"కమిటీ ఒప్పుకోదు."

"దిర్మేలో యాంగ్‌చెన్ నిన్ననే అంచు లోపలికి తిప్పేసింది. ఎవరినీ అడగలేదు. రెండు చెంగులూ ఒకలా లేకపోతే మడత పడదు. ఇక మనం తిప్పడమా, మొత్తం మూసుకోవడమా, మీరే చెప్పండి."

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. "మీరిద్దరూ ముందే అనుకున్నారా?"

"ఫోన్లో అనుకున్నామండీ" అంది సువర్చల.

*

ప్రారంభోత్సవం ఆలస్యంగా జరిగింది. పోస్టరు మీద అంకె వేయలేదు. వల్లభరావు, కమిటీ పెద్దలు కొందరు, దండలు వేసుకుని బస్సెక్కారు. విమానం ఎదురుగానే ఉంది. రెక్క మీద నంబరు కనిపిస్తోంది, మెట్ల దగ్గర నిలబడి చేతులు జోడించిన అమ్మాయి మొహం కనిపిస్తోంది. బస్సు కదిలింది. అందరూ లేచి నిలబడ్డారు, ఇప్పుడే దిగుతాం కదా అని. కాసేపటికి ఒకాయన కూర్చున్నాడు. తర్వాత ఇంకొకాయన. ఆ తర్వాత దండలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

గంట గడిచాక వల్లభరావు నుంచి ఫోను వచ్చింది. "సువర్చల గారూ, ఇంకా ఎంతసేపు? ఆ అమ్మాయి అలా దండం పెట్టుకుని నిలబడే ఉంది. చూడలేక చస్తున్నాం."

"వస్తుందండీ. బస్సు పోతూనే ఉంది కదా" అంది సువర్చల. "కింద బుట్టలో మజ్జిగ ప్యాకెట్లున్నాయి. అందరికీ ఇవ్వండి." చెప్పి ఫోను పెట్టేసింది.

తర్వాత స్కూటరు తీసుకుని నల్లగుట్లపల్లికి బయలుదేరింది. కల్వర్టు దాటింది. ట్యాంకు పెద్దదైంది, బడి వచ్చింది, ఊరు వచ్చింది. ఇంత మామూలుగా ఊరు రావడం కూడా ఒక వింతలా తోచింది ఆమెకు.

ఎర్రిస్వామి చంకలో కర్రలు పెట్టుకుని అరుగు దిగుతున్నాడు. కొత్త కాలు ఇంకా రాలేదు, కొలతలు తీసుకుపోయారు. ఆయన చేను చూడాలంటున్నాడు. ఓబుళమ్మ వద్దంటోంది.

"రెండు నెల్లాయె సూసి. పంట ఏమైందో ఏమో. ఈమె మాట నేను నమ్మను, అంతా బాగుండాదంటాది."

"బాగుండాది కాబట్టే బాగుండాదన్నా. ఇప్పుడు నువ్వు పోయి ఏం జేస్తావు? దూరం."

"దూరమేంది? దారి బాగయిందంట గదా! ఏమ్మా చెల్లెలా, బాగయినట్టేనా?"

"బాగయిందన్నా" అంది సువర్చల.

"మునపటంతే?"

"మునపటంతే."

ముగ్గురూ బయలుదేరారు. ఇంటి వెనక నుంచి చేనుకు కాలిబాట. సువర్చల ఆయన పక్కన, ఓబుళమ్మ ఇద్దరికీ ముందు. ఎర్రిస్వామి కర్రలు ముందుకు వేసి, ఒళ్లు ఊపి, ఒంటికాలి మీద దిగి, ఆగి, మళ్లీ కర్రలు వేశాడు. ఇసుకలో కర్రలు దిగబడుతున్నాయి. పట్టుకోబోతే చెయ్యి విదిలించాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. పచ్చగా చేను ఎదురుగా కనిపిస్తూనే ఉంది.

"యాడుండాది ఇంక" అన్నాడు, పళ్లు బిగించి.

"అద్దో, వచ్చిన్యాం" అంది ఓబుళమ్మ వెనక్కి తిరిగి. "ఎప్పుడూ ఉన్నంతే గదా దూరం."

"నీకు" అన్నాడు ఎర్రిస్వామి.

ఓబుళమ్మ నడవడం ఆపింది. వెనక్కి వచ్చి ఆయనకు అటు పక్కన నిలబడింది. ఈసారి ఆయన చెయ్యి విదిలించలేదు. సువర్చల లెక్కల్లో ఒంటికాలికి వేరే కొలత లేదు. కర్రలు మళ్లీ ముందుకు పడ్డాయి. ముగ్గురూ ఆయన అడుగుకు సరిపడా, నెమ్మదిగా చేను వైపు నడిచారు.